జాతీయ సమాఖ్య నుంచి వృత్తి సంఘం విడిపోవాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

విజయవాడలోనో గుంటూరులోనో ఉన్న మీ వృత్తి సంఘానికి ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్న జాతీయ సమాఖ్యతో ఇక పొసగదని తేలినప్పుడు, సాధారణంగా మొదట జరిగేది ఆవేశంతో నిండిన ఒక సమావేశం, ఆ మర్నాడు ఒక పత్రికా ప్రకటన. ఆ రెండూ ఆగవచ్చు. ముందు కార్యాలయంలోని బీరువా తెరిచి సంఘం రిజిస్ట్రేషన్ ధ్రువపత్రాన్ని బయటికి తీయండి. దాని మీద ఎవరి పేరు ఉందన్నదాన్ని బట్టే మిగిలిన దారంతా తేలుతుంది. ఒక సాంకేతిక వృత్తి సంఘానికి రెండు పర్యాయాలు గౌరవ కార్యదర్శిగా ఉండి, ఇటువంటి విడిపోవడాన్ని తొలి నోటీసు నుంచి చివరి బ్యాంకు ఫారం దాకా మోసినవాణ్ని కనుక, మేము తప్పులు చేసి నేర్చుకున్నది కూడా కలిపి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మీది ఏ రకం సంఘమో తేల్చుకోండి

ధ్రువపత్రం మీ సంఘం పేరుతోనే ఉండి, మీకు సొంత నియమావళి, సొంత పాన్ నంబరు, సొంత బ్యాంకు ఖాతా ఉంటే, మీది స్వతంత్ర సంఘం. సమాఖ్యతో మీకున్నది అనుబంధం మాత్రమే. 1950లో ఏర్పడిన ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల జాతీయ సమాఖ్య ఫాగ్సీ ఇటువంటి నిర్మాణానికి మంచి ఉదాహరణ; దాని పేరులోనే అది సంఘాల సమాఖ్య అని ఉంది. ఈ రకంలో విడిపోవడమంటే అనుబంధాన్ని వదులుకోవడమే. సంఘం అలాగే ఉంటుంది, ఆస్తి అలాగే ఉంటుంది.

మీకు విడిగా రిజిస్ట్రేషన్ లేక, జాతీయ సంస్థ ఇచ్చిన శాఖ ఏర్పాటు పత్రం మాత్రమే ఉంటే సంగతి వేరు. అప్పుడు మీరు ఆ సంస్థకు ఒక అవయవం. శాఖ తనంతట తాను విడిపోదు. సభ్యులు రాజీనామా చేసి కొత్త సంఘం పెట్టుకోవాలి, శాఖ ఖాతాలోని డబ్బు, బల్లలు, కుర్చీలతో సహా మాతృసంస్థకే చెందుతుందని అవతలివారు వాదిస్తారు, చాలాసార్లు ఆ వాదన నిలబడుతుంది కూడా. ముప్పై ఏళ్లుగా చందాలు మేమే వసూలు చేశాం కదా అన్న మాట మనసుకు సబబుగానే తోస్తుంది గానీ కాగితం దాన్ని ఒప్పుకోదు.

మూడో రకానికి విడిపోవడమన్న మాటే వర్తించదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 నాటి పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడింది. విజయవాడ శాఖ దానిలో భాగం. అక్కడ సభ్యత్వమే వృత్తి చేసుకునే అర్హత. వైద్యులు, న్యాయవాదులు, ఆర్కిటెక్టులు, ఫార్మసిస్టుల విషయంలో అలా కాదు. వారి అర్హత మెడికల్ కౌన్సిల్, బార్ కౌన్సిల్, 1972 చట్టం కింద ఏర్పడిన ఆర్కిటెక్చర్ కౌన్సిల్, 1948 చట్టం కింద నడిచే ఫార్మసీ కౌన్సిళ్ల రిజిస్టర్లలో ఉంటుంది. స్వచ్ఛంద సంఘంలో ఉన్నా, మానినా దానికి భంగం లేదు. ఈ సంగతిని మొదటి సర్క్యులర్‌లోనే రాయండి. సంఘం సమాఖ్య నుంచి బయటికి వస్తే తమ లైసెన్సు పోతుందేమోనన్న భయం కొత్త సభ్యుల్లో మీరు ఊహించినదానికంటే ఎక్కువగా ఉంటుంది.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు కేంద్రంగా ఉన్న రాష్ట్ర సంఘాల నుంచి ఇవతలి జిల్లాల సభ్యులు వేరుపడటాన్ని చూసిన పెద్దలు మీలో ఉంటారు. ‘అప్పుడు చేశాం కదా, ఇప్పుడూ చేద్దాం’ అని వారు ధైర్యం చెబుతారు. ఆ అనుభవాన్ని గౌరవించండి కానీ దాన్నే నమూనాగా తీసుకోకండి. అప్పుడు రాష్ట్రాన్నే చట్టం విభజించింది కనుక విడిపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. ఇప్పుడు ఒక పక్షం వద్దంటున్న విడిపోవడం మీది.

రెండు నియమావళులనూ పక్కపక్కన పెట్టి చదవండి

ఒకటి మీది, రెండోది సమాఖ్యది. సమాఖ్య నియమావళిలో అనుబంధ సంఘం వైదొలగడానికి ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలి, ఆర్థిక సంవత్సరం మధ్యలో వెళ్లవచ్చా లేక మార్చి 31 దాకా ఆగాలా, బకాయిలు చెల్లించాకే నోటీసు చెల్లుతుందా అన్నవి చూడండి. వైదొలగడం గురించి అసలు ఏమీ రాసి లేకపోతే అది మీకు అడ్డు కాదు, అయినా తగినంత వ్యవధి ఇచ్చి నోటీసు పంపడమే మర్యాద, రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే రక్షణ కూడా.

అసలు చిక్కు మీ సొంత నియమావళిలోనే ఉంటుంది. పాత సంఘాలలో చాలావాటికి సమాఖ్య పంపిన నమూనా పత్రాన్నే కొద్ది మార్పులతో టైపు కొట్టించి రిజిస్టరు చేయించారు. మా పత్రం పలచని కాగితం మీద కార్బన్ ప్రతి. అక్షరాలు సగం చెరిగిపోయి, చివరి పుటలో సవరణల ప్రకరణం కింద ఒక వాక్యం దాదాపు కనబడకుండా ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, నియమావళిలో ఏ మార్పుకైనా సమాఖ్య ముందస్తు అంగీకారం కావాలని ఉంది. అప్పటికే మేము నోటీసు పంపేశాం. దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇలాంటి వాక్యాలు మూడు చోట్ల దాగి ఉంటాయి: సవరణల ప్రకరణంలో, సంఘం రద్దయితే ఆస్తి ఎవరికి చెందాలో చెప్పే ప్రకరణంలో, వివాదం వస్తే ఎవరి నిర్ణయం తుది అని చెప్పే ప్రకరణంలో. మీ దగ్గరున్న ప్రతిని మాత్రమే నమ్ముకోకుండా, జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు తీసుకోండి. మధ్యలో ఎవరో చేయించిన సవరణలు అందులోనే బయటపడతాయి.

అంగీకారం కావాలన్న వాక్యం ఉన్నప్పుడు ఏం చేయాలన్నది న్యాయవాది తేల్చవలసిన ప్రశ్న. ఆయన దగ్గరికి వెళ్లేముందు ఒక భ్రమను ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. సమావేశాలలో రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణను చాలా గట్టిగా ఉటంకిస్తారు. అది ఇచ్చే, సంఘాలు పెట్టుకునే హక్కు ప్రభుత్వం నుంచి మనకు రక్షణ, సమాఖ్య నుంచి కాదు. హిందీ సాహిత్య సమ్మేళన్ వ్యవహారంలో 1971లో సుప్రీంకోర్టు కొట్టివేసినది కూడా ఒక స్వచ్ఛంద సంఘం సభ్యత్వ స్వరూపాన్నే మార్చిన పార్లమెంటు చట్టాన్నే. మీకూ సమాఖ్యకూ మధ్య ఉన్నది ప్రధానంగా నియమావళి అనే ఒప్పందం. టి.పి. దావర్ కేసులో 1963లో అదే న్యాయస్థానం చెప్పిన సూత్రం, సభ్యుడికీ సంఘానికీ మధ్య సంబంధాన్ని నియమాలే శాసిస్తాయన్నది, మీకు ఎక్కువ పనికొస్తుంది. ఎవరు న్యాయంగా మాట్లాడారన్నది కాక, ఎవరు నియమం ప్రకారం నడిచారన్నదే కోర్టులో ముందు చూస్తారు.

సభ్యుల లెక్క, సభ్యుల నష్టం

ఓటు హక్కు ఉన్న సభ్యుల జాబితాను నోటీసు పంపకముందే స్థిరపరచండి. చనిపోయినవారు, హైదరాబాదుకో బెంగళూరుకో మారిపోయినవారు, రెండేళ్లుగా చందా కట్టనివారు అందులో ఉంటారు. చందా బకాయి ఉన్నవారికి ఓటు ఉందా లేదా అన్నది నియమావళి చెప్పాలి, కార్యదర్శి కాదు. మీకు అనుకూలంగా ఓటేస్తారని తెలిసినవారి చేత ఆఖరి వారంలో బకాయిలు కట్టించి జాబితాలో చేర్చే పని మాత్రం చేయకండి. అవతలి పక్షానికి మీరు చేతికందించే మొదటి ఆయుధం అదే అవుతుంది.

తర్వాత ఒక్కొక్క సభ్యుడూ వ్యక్తిగతంగా ఏం కోల్పోతాడో లెక్క వేయండి. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు ఇదే, అందరూ తక్కువ సమయం పెట్టే చోటూ ఇదే. జాతీయ సంస్థలు సాధారణంగా సభ్యులకు కుటుంబ భద్రత పథకమో, వృత్తిపరమైన కేసులలో రక్షణ పథకమో, ఫెలోషిప్పులో, మహాసభలకు తగ్గింపు రుసుమో ఇస్తుంటాయి. ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టిన సభ్యుడు ఒక్క తీర్మానంతో ఆ పథకం నుంచి బయట పడితే, అతను మరణించాక ఆ ఇంటివాళ్లు వచ్చి నిలదీసేది మిమ్మల్నే. కనుక ప్రతి పథకానికీ సంబంధించిన నియమాలు తెప్పించి, సభ్యత్వం స్థానిక సంఘం ద్వారానే ఉండాలా, నేరుగా ఉండవచ్చా అన్నది సమాఖ్యను రాతపూర్వకంగా అడగండి. నేరుగా ఉండవచ్చంటే, సంఘం విడిపోయినా సభ్యుడు ఇష్టమైతే జాతీయ సభ్యత్వం కొనసాగించుకోవచ్చని మీ తీర్మానంలోనే చేర్చండి. ఈ ఒక్క వాక్యం చేర్చాక మా దగ్గర వ్యతిరేకంగా ఉన్న పెద్దలలో చాలామంది మెత్తబడ్డారు.

డబ్బు, స్థలం

జీవిత సభ్యత్వ రుసుము ఎవరి దగ్గర ఉంది, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఎవరి పేరున ఉన్నాయి, సమాఖ్యకు సభ్యుడికింత చొప్పున కట్టే తలసరి వాటా ఏ నెల దాకా చెల్లించారు అన్న మూడు ప్రశ్నలకు కోశాధికారి చేత సంతకంతో సమాధానం రాయించుకోండి. జాతీయ మహాసభ ఎప్పుడైనా మీ ఊళ్లో జరిగి ఉంటే, దాని మిగులులో సమాఖ్య వాటా పంపారో లేదో కూడా చూడండి. పాత తగాదాలలో సగం అక్కడి నుంచే లేస్తాయి. చెల్లించవలసింది ఉంటే నోటీసుకు ముందే చెల్లించి రసీదు తీసుకోండి. బాకీ ఉన్నవాడు వెళ్తానంటే ఆ వెళ్లడాన్ని పారిపోవడమనే అంటారు.

భవనం ఉన్న సంఘాలు దస్తావేజునూ, ఆ ఆస్తిపై నమోదైన లావాదేవీలు చూపే ఈసీనీ ఒకసారి తీయించాలి. 1860 నాటి సొసైటీల చట్టం కింద ట్రస్టీలు లేని సంఘం ఆస్తి పాలకవర్గంలో నిక్షిప్తమై ఉంటుందన్న నియమం వల్ల, పాత దస్తావేజులలో కొనుగోలుదారుగా ‘సంఘం కార్యదర్శి ఫలానావారు’ అని వ్యక్తి పేరు కనబడుతుంది. ఆయన కాలం చేసి ఉండవచ్చు, వారసులు అమెరికాలో ఉండవచ్చు. ఆ పేరు ముందు సంఘం పేరు స్పష్టంగా ఉందా, స్థలం ప్రభుత్వం కేటాయించినదైతే కేటాయింపు పత్రంలో సమాఖ్య ప్రస్తావన ఉందా అన్నది న్యాయవాది చేత చూపించండి.

సమావేశం

నోటీసులో ‘సమాఖ్యతో సంబంధాలపై చర్చ’ అని రాస్తే చాలదు. అనుబంధాన్ని ఉపసంహరించుకోవడం, అందుకు అవసరమైన నియమావళి సవరణలు, పేరు మార్పు ఉంటే కొత్త పేరు, ఇవన్నీ విడివిడి అంశాలుగా, సవరణల పూర్తి పాఠంతో సహా వెళ్లాలి. వ్యవధి మీ నియమావళి ప్రకారం. 2001కి ముందు రిజిస్టరైన కోస్తా సంఘాలు 1860 చట్టం కింద నమోదైనవి. వాటి నియమావళిలో తరచుగా ఆ చట్టంలోని పన్నెండో సెక్షన్ పోలికే కనిపిస్తుంది, అంటే ఐదింట మూడు వంతుల ఓట్లు, నెల రోజుల ఎడం తర్వాత రెండో సమావేశంలో మళ్లీ అదే మెజారిటీతో ధ్రువీకరణ. ఇప్పుడు వర్తించేది 2001 నాటి రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే అయినా, మీ పుస్తకంలో ఏముంది, చట్టంలో ఏముంది అని రెండూ చూసి, రెండింటిలో కఠినమైన దాన్ని పాటించండి. ఒక నెల ఆలస్యమైతే మునిగిపోయేది ఏమీ లేదు.

తేదీ విషయంలో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనవసరం లేదు గానీ, దసరా రోజులలో విజయవాడ దుర్గమ్మ కొండ కింద రోడ్లన్నీ మళ్లించి ఉన్నప్పుడు వన్‌టౌన్‌లో సమావేశం పెట్టి కోరం రాలేదంటే తప్పు ఎవరిది? ముహూర్తాలున్న ఆదివారాలు, మార్చి ఆఖరు కూడా వదిలేయండి. గుంటూరు, తెనాలి నుంచి వచ్చే సభ్యులు రాత్రికి వారధి దాటి ఇల్లు చేరాలి కనుక ఓటింగును భోజనాల తర్వాతకు నెట్టకండి.

మా మొదటి సమావేశం ఎలా చెడిందో చెబుతాను. హాజరు పుస్తకాన్ని టిఫిన్ల బల్ల పక్కన పెట్టాం. వచ్చినవారు సంతకం చేసి, ఇడ్లీ, కాఫీ కానిచ్చి, పలకరింపులయ్యాక కొందరు అటు నుంచి అటే వెళ్లిపోయారు. ఓటింగు సమయానికి పుస్తకంలో ఉన్న సంతకాలకూ, కుర్చీలలో ఉన్న తలకాయలకూ పొంతన లేదు. వ్యతిరేకించిన ఒక సభ్యుడు లేచి రెండూ లెక్కపెట్టి, ఆ అంకెలను మినిట్స్‌లో రాయమన్నాడు. ఆయన చేసింది సరైన పనే. మొత్తం మళ్లీ జరపాల్సి వచ్చింది. రెండోసారి హాలు తలుపు దగ్గర గుర్తింపు చూసి సంతకం తీసుకున్నాం, అక్కడే వరుస సంఖ్య లేని బ్యాలెట్ చీటీ ఇచ్చాం, ఓటింగు అయ్యాకే టిఫిన్లు పెట్టాం.

ఓటు రహస్యంగానే జరగాలి. ఒకే వీధిలో ప్రాక్టీసు చేసుకునేవాళ్లు, ఒకరి కేసులు ఒకరికి పంపుకునేవాళ్లు చెయ్యెత్తి ఓటు వేయమంటే మొహమాటమే గెలుస్తుంది. లెక్కింపుకు ప్రతి పక్షం నుంచీ ఒకరిని కూర్చోబెట్టి, అనుకూలం, వ్యతిరేకం, చెల్లనివి అన్న మూడు అంకెలనూ వెంటనే చదివి, మినిట్స్‌లో రాసి, లెక్కించినవారి సంతకాలు తీసుకోండి.

తీర్మానం భాష పొడిగా ఉండాలి. ‘మన సంఘానికి ఫలానా సమాఖ్యతో ఉన్న అనుబంధాన్ని ఫలానా తేదీ సాయంత్రంతో ఉపసంహరించుకోవడానికి, ఆ తేదీ దాకా ఉన్న బకాయిలన్నీ చెల్లించడానికి, సభ్యులు వ్యక్తిగతంగా జాతీయ సభ్యత్వం కొనసాగించుకునే స్వేచ్ఛకు భంగం లేకుండా, సర్వసభ్య సమావేశం తీర్మానించడమైనది’ అన్నంత వరకే. సమాఖ్య నాయకత్వం నిరంకుశత్వం, తెలుగువారికి జరిగిన అవమానం వంటివి ఉపన్యాసంలో ఉండనివ్వండి. రిజిస్ట్రార్ దగ్గర దాఖలయ్యే కాగితంలో వాటికి పని లేదు, పైగా పరువునష్టం దావాకు అదే ఆధారమవుతుంది.

సమాఖ్యకు ఉత్తరం

తీర్మానం నకలు, హాజరు వివరం, బకాయిల రసీదులు జతచేసి, సమాఖ్య రిజిస్టర్డ్ కార్యాలయం చిరునామాకు పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు దొరికే సదుపాయంతో పంపి, అదే రోజు ఈమెయిల్ కూడా చేయండి. వాట్సాప్‌లో అధ్యక్షులవారికి పంపామనడం నోటీసు కాదు. ఉత్తరంలో ఒకే ఒక్క గడువు పెట్టండి: ఇరుపక్షాల లెక్కలు సరిచూసి, ఎవరికి ఎంత రావాలో ఫలానా తేదీలోగా తెలపమని.

రిజిస్ట్రార్, పన్నులు, బ్యాంకు

సవరించిన నియమావళి, తీర్మానం, కొత్త కార్యవర్గం ఉంటే దాని జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది, పాత గుంటూరు జిల్లా మూడుగా చీలింది. మీ నియమావళిలో సంఘం పరిధి ‘కృష్ణా జిల్లా’ అనో ‘గుంటూరు జిల్లా’ అనో మాత్రమే ఉంటే, నరసరావుపేట, బాపట్ల సభ్యులు పరిధిలో ఉన్నారా లేదా అన్న పేచీ తర్వాత వస్తుంది. ఎలాగూ సవరిస్తున్నారు కనుక ఇప్పుడే ‘పూర్వపు గుంటూరు జిల్లా ప్రాంతం’ అని స్పష్టంగా రాయించండి. కొత్త పేరు సమాఖ్య పేరును తలపించేలా ఉండకూడదు. చాలా సమాఖ్యల చిహ్నాలు ట్రేడ్‌మార్కులుగా నమోదై ఉంటాయి. అమల్లోకి వచ్చే తేదీ నుంచి ఆ చిహ్నం మీ లెటర్‌హెడ్ మీద, బోర్డు మీద, ధ్రువపత్రాల మీద కనబడకూడదు.

ఆదాయపు పన్ను మినహాయింపు కోసం నమోదై ఉన్న సంఘాలు తమ ఆశయాలలో చేసిన మార్పు ఆ నమోదు షరతులకు భిన్నంగా ఉంటే, 1961 చట్టం ప్రకారం మార్పు చేసిన 30 రోజులలోగా తిరిగి దరఖాస్తు చేయాలన్న నియమం ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమలుకు రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి, కనుక ఫారం విషయం మీ ఆడిటర్‌ను అడిగి చేయండి. పేరు మారితే పాన్, బ్యాంకు కేవైసీ, జీఎస్టీ నమోదు ఉంటే అదీ మారాలి. ఖాతాలో సంతకందారుగా సమాఖ్య ప్రతినిధి ఎవరైనా ఉంటే, ఆ మార్పు తీర్మానాన్ని మొదటి సమావేశంలోనే ఆమోదింపజేసుకోండి. లేకుంటే కరెంటు బిల్లు కట్టడానికి కూడా చెక్కు కదలదు.

అవతలివారు ఊరుకోకపోతే

చాలాసార్లు జరిగేదేమిటంటే, ఓడిపోయిన పక్షంతో సమాఖ్య ఒక తాత్కాలిక కమిటీ వేసి, అదే అసలు సంఘమని ప్రకటిస్తుంది. ఒకే గదికి రెండు తాళాలు పడతాయి. అప్పుడు తాళాలు పగలగొట్టడం, మినిట్స్ పుస్తకాలను ఇంటికి పట్టుకుపోవడం రెండూ తప్పే. 2001 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం సంఘం వ్యవహారాలపై వివాదాన్ని ఏ సభ్యుడైనా 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కింద తేల్చుకోవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. మీకు తెలియకుండా స్టే తెచ్చుకుంటారన్న అనుమానం ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ కింద కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టును ముందే కోరే కాగితం, వేసి ఉంచండి. అది 90 రోజులు నిలుస్తుంది, గడువు తీరితే మళ్లీ వేయాలి. తీర్మానానికి ముందు వారంలో వేయడం మంచిది. పుస్తకాలన్నిటినీ ఫొటోకాపీ తీయించి, ఒక ప్రతి ఆడిటర్ దగ్గర, ఒక ప్రతి న్యాయవాది దగ్గర ఉంచితే, అసలు ప్రతి ఎక్కడుందన్న గొడవకు పదును తగ్గుతుంది.

వ్యతిరేకంగా ఓటేసినవారిని సంఘం నుంచి తీసేయాలన్న ప్రతిపాదన ఆ రోజుల్లో తప్పకుండా వస్తుంది. దాన్ని ఎజెండాలోకి రానివ్వకండి. కార్యవర్గంలో వారికి ఒకటి రెండు స్థానాలు ఇచ్చిన సంఘాలలోనే లెక్కల పరిష్కారం త్వరగా తేలడం నేను చూశాను, ఎందుకంటే సమాఖ్యతో మాట్లాడగలిగే గొంతు వారికే మిగిలి ఉంటుంది.

అమల్లోకి వచ్చే రోజు సాయంత్రం అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి దగ్గరున్న పాత రబ్బరు స్టాంపులు మూడూ, మిగిలిన లెటర్‌హెడ్లూ, వాడని రసీదు పుస్తకాలూ తెప్పించండి. రసీదు పుస్తకాలలో ఖాళీగా ఉన్న సంఖ్యలకు అడ్డంగా గీత కొట్టించండి. అన్నిటినీ ఒక కవరులో పెట్టి లక్కతో మూసి, అందులో ఏమున్నదీ మినిట్స్‌లో రాసి, ముగ్గురి చేతా సంతకం చేయించండి. మా దగ్గర ఒక స్టాంపు మాత్రం వారం తర్వాత పూర్వ కోశాధికారి కారు డాష్‌బోర్డులో దొరికింది. ఆ వారం తేదీతో దాని ముద్ర ఉన్న రసీదు ఏదైనా బయట తిరుగుతోందా అని మరో రెండు నెలలు వెతుక్కున్నాం.